దంతపు పిడి చేతికర్ర

చేతికర్ర పైకొసన పట్టు కోసం ఏనుగు దంతంతో చెక్కి బిగించే భాగం దంతపు పిడి. తెలుగునాట దంతపు పని అనగానే విశాఖపట్నం గుర్తుకొస్తుంది. సరుకుగా దంతం లెక్కకెక్కింది మాత్రం అంతకు చాలా ముందే, ఓరుగల్లు ఏలుబడిలో. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం సుంకం కట్టాల్సిన సరుకులను పేర్కొంటూ చందనం, కర్పూరం, ముత్యాలతో పాటు దంతాన్నీ చెప్పింది. తుపానుకు దెబ్బతిన్న ఓడల సరుకును రాజు స్వాధీనం చేసుకోడని వర్తకులకు మాటిచ్చిన శాసనం అది. ఓరుగల్లు రాజులకు ఏనుగు సైన్యబలం కూడా. 1310లో ఢిల్లీ సేనలతో సంధి కుదిరినప్పుడు ప్రతాపరుద్రుడు సమర్పించుకున్నవాటిలో ఏనుగులున్నాయి. ఇంతమాత్రాన కాకతీయుల నగరంలో దంతపు పిడులు చెక్కారనుకోవడం తొందరపాటే. తర్వాతి కాలంలో వరంగల్‌కు పేరు తెచ్చిన చేతిపని తివాచీల నేత.

అలంకార పిడి వేరే దారిన వచ్చింది. 17వ శతాబ్దం చివర ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. స్థానిక పనివాళ్లు దొరల కోసం కుర్చీలు, బీరువాలు, రాతపెట్టెలు చేసి, వాటి మీద దంతపు రేకులు తాపడం చేశారు. ఆ రేకులపై సన్నగా గీతలు చెక్కి, నల్లని లక్క నింపి, తీగలూ పూలూ తేలేలా చేయడం వారి ప్రత్యేకత. 1756లో ఇక్కడికి వచ్చిన మేజర్ జాన్ కార్నీల్ ఈ దంతపు పొదుగుడు పనిని మెచ్చుకున్నాడు. చేతికర్ర పెద్దమనిషి వేషంలో భాగమైన రోజులవి. యూరప్‌లో మొదలైన ఆ మోజు ఇక్కడి జమీందార్లకూ అంటుకుంది.

పిడికి దంతం ఊరికే ఎంచుకోలేదు. పళ్లలో ఉండే పదార్థమే ఇది. పేడు లేవకుండా ఉలి ఎటు తిప్పితే అటు తెగుతుంది, చేతి రాపిడికి నునుపెక్కుతుంది. అయితే దంతమంతా పిడికి పనికిరాదు. మొదలు వైపు బోలుగా ఉంటుంది కనుక గట్టిగా ఉన్న కొస భాగాన్నే కోసుకోవాలి. ఆసియా ఏనుగుల్లో పెద్ద దంతాలు మగవాటికే, అదీ అన్నిటికీ ఉండవు. దంతం ఖరీదుకు ఇదొక కారణం. సింహం తల, చిలుక ముక్కు, గుండ్రటి గుబ్బ వంటి రూపాలు చెక్కి, కర్రతో కలిసే అతుకు కనబడకుండా వెండి పట్టీ తొడిగేవారు. అడుగున నేల తాకే చోట లోహపు పొన్ను. మరీ పొడిగాలి తగిలితే దంతం పగులుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది.

ఎముకను దంతమని అంటగట్టేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. అడ్డంగా కోసిన దంతంపై ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే వంపు గీతలు కనిపిస్తాయి. ఎముకపై సన్నని నల్లచుక్కలు మాత్రమే ఉంటాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ భారతీయ ఏనుగు దంతం వ్యాపారాన్ని, 1991 సవరణ ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని నిషేధించాయి. తాతల నాటి పిడి ఇంట్లో ఉన్నా యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి, దాన్ని అమ్ముకోవడానికి వీల్లేదు. అందుకే పాత దంతపు పనిని చూడాలనుకునేవారికి మ్యూజియమే దిక్కు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతపు వస్తువులూ, మూడవ సాలార్‌జంగ్ సేకరించిన చేతికర్రలూ ఉన్నాయి. నిషేధం తర్వాత పనివాళ్లకు ఎముక, కొమ్ము, గంధపు చెక్క మిగిలాయి. కొమ్ము పనికి పేరుబడ్డ చోటు ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న పర్లాకిమిడి. వేడి చేస్తే మెత్తబడి వంగే గుణం కొమ్ముకుంది, దంతానికి లేదు.