సేటు పోయిండు, డాక్టరు పోయిండు

1994 సెప్టెంబరు 22. సూరత్ రైల్వే స్టేషన్లో కాలు పెట్టే చోటు లేదు. ఊళ్లో ప్లేగు వచ్చిందన్న మాట ఒక్క పూటలో పాకిపోయింది. నాలుగైదు రోజుల్లోనే లక్షల మంది ఊరొదిలారు.

ఆ రాత్రి సూరత్‌లోని లింబాయత్‌ పేటలో ఏ తెలుగు నేతకారుడి ఇంట్లోనైనా దాదాపు ఇవే మాటలు నడిచి ఉంటాయి.

“పిల్లల్ని తీస్కొని సిరిసిల్లకు పో. సాంచెలు బందైనయ్. సేటు పోయిండు. పైసలు చేతికొచ్చినంక నేనొస్త.”

“నీకు జరమొస్తే ఎవరు చూస్తరయ్యా? సందు మొగన డాక్టరు గూడ తాళమేసి పోయిండు గద!”

ఆ తాళం కల్పన కాదు. నగరంలోని ప్రైవేటు డాక్టర్లలో ఎక్కువమంది క్లినిక్కులు మూసి వెళ్లిపోయారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ కరువైంది. దొరికితే రోజుకు నాలుగుసార్లు వేసుకునే మామూలు మాత్రే అది, వేళకు వేసుకుంటే ప్రాణం నిలబడేది. దగ్గు, జ్వరంతో రక్తం కక్కుతున్నవాళ్లకు మిగిలింది న్యూ సివిల్ ఆసుపత్రి. ముక్కుకు గుడ్డ కట్టుకుని వార్డుల్లో నిలబడింది అక్కడి ప్రభుత్వ డాక్టర్లు, నర్సులు, జూనియర్లు. భయంతో రోగులు పారిపోతుంటే బయట పోలీసు పహారా పెట్టారు. సూరత్‌లో యాభై మందికి పైగా చనిపోయారు.

ప్లేగు ముందు సోకింది ఎక్కడ? వేడ్ రోడ్డు చుట్టుపక్కల పల్లపు బస్తీల్లో. అంతకు కొద్ది రోజుల ముందే తాపీ వరద ఆ సందుల్లో నిలిచింది. చచ్చిన పశువులు, ఎలుకలు, చెత్త అక్కడే కుళ్లాయి. పట్టుబట్టలు, వజ్రాలతో దేశమంతా పేరున్న నగరంలో కార్మికుల వాడలకు మురుగుకాల్వే లేదు. ఆ చావులకు క్రిమి ఎంత కారణమో ఈ నిర్లక్ష్యమూ అంతే కారణం.

1995 మే నెలలో మున్సిపల్ కమిషనర్‌గా ఓ తెలుగువాడు వచ్చాడు. సూర్యదేవర రామచంద్రరావు, అందరికీ ఎస్.ఆర్. రావు. అధికారులను ఏసీ గదుల్లోంచి లేపి పొద్దున్నే వీధుల్లోకి నడిపించాడు. రాత్రిపూట ఊడ్పించాడు. అక్రమ కట్టడాలు కూల్చినప్పుడు పలుకుబడి ఉన్నవాళ్లనూ వదల్లేదు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఒకటుంది. మురికివాడల్లోకి కుళాయి, మరుగుదొడ్డి, గచ్చు సందు తీసుకెళ్లడాన్ని ఆయన వైద్యంలో భాగంగానే చూశాడు. ఏ పేటలో ఎన్ని జ్వరాలో ఆసుపత్రుల నుంచి రోజూ లెక్క తెప్పించాడు. రెండేళ్లు తిరక్కముందే చండీగఢ్ తర్వాత శుభ్రమైన నగరం సూరతేనని ఇంటాక్ సంస్థ చెప్పింది. 1998లో రావుకు పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత కార్పొరేషన్ తన సొంత వైద్య కళాశాల, స్మీమేర్ ఆసుపత్రి కట్టుకుంది.

2020లో కోవిడ్‌తో మళ్లీ అదే భయం. ఈసారి కథ నైరుతి దిక్కున ఉన్న ఆల్థాన్‌కు చేరింది. ఎత్తయిన అపార్ట్‌మెంట్లు లేచిన పేట అది. పెళ్లిళ్లు జరిగే ఆల్థాన్ కమ్యూనిటీ హాల్లో మంచాలు వేసి, కోవిడ్ ఐసొలేషన్ కేంద్రం నడిపారు. సొంత బాత్‌రూము ఉన్న ఫ్లాటువాడు ఒక గదిలో తలుపేసుకోగలడు. పదిమంది ఒకే గదిలో షిఫ్టులవారీగా పడుకునే మరమగ్గం కార్మికుడు ఎక్కడ వేరుగా ఉంటాడు? అతడికి ఆ హాల్లో మంచమే వైద్యం.

ఇక ఆసుపత్రి ఖర్చు మాటకొస్తే, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వెళ్లి లింబాయత్, ఉధ్నాల్లో స్థిరపడ్డవాళ్ల సంగతి కొంత నయం, అక్కడి రేషన్ కార్డులు వాళ్లకున్నాయి. కొత్తగా పనికెళ్లినవాడి జేబులో ఉండేది ఊరి ఆరోగ్యశ్రీ కార్డే. రాష్ట్రం దాటినా చెల్లే ఆయుష్మాన్ భారత్ 2018లోనే వచ్చినా, తెలంగాణ అందులో చేరింది 2021లో. అంటే కోవిడ్ మొదటి ఏడాదంతా సూరత్ ప్రైవేటు ఆసుపత్రి కౌంటరు దగ్గర ఆ కార్డు చెల్లలేదు. ఊపిరాడని నేతకారుడికి సర్కారు మంచం దొరక్కపోతే, మిగిలింది సేటు దగ్గర అప్పు.