స్వలింగప్రేమచిత్రములు: ప్రేక్షకుల జాలి

1919 మే నెలలో బెర్లిను నగరమున నొక మూకచిత్రము ప్రదర్శింపబడెను. దాని పేరునకు ‘తక్కినవారివలె గానివారు’ అని యర్థము చెప్పవచ్చును. రిచర్డ్ ఓస్వాల్డ్ దర్శకుడు. కథ కూర్చుటలో నాతనికి దోడ్పడినవాడు మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అను వైద్యుడు. అందొక ఫిడేలు విద్వాంసుడు తన శిష్యుడైన యువకుని ప్రేమించును. ఆ సంగతి కనిపెట్టిన దుర్మార్గుడొకడు, పురుషుల పరస్పరసంగమమును నేరముగా విధించిన జర్మను శిక్షాస్మృతి 175వ విధిని జూపి బెదరించి సొమ్ము గుంజును. వ్యవహారము న్యాయస్థానమున కెక్కగా విద్వాంసునికిని శిక్ష పడును. అవమానము భరింపలేక యాతడు ప్రాణము దీసికొనును. 1918 నవంబరులో జర్మనీయందు సెన్సారు రద్దగుటచే నిట్టి చిత్రము పుట్టగలిగినది. 1920లో సెన్సారు తిరిగి రాగానే వైద్యులును శాస్త్రజ్ఞులును దప్ప నన్యులు దీనిని జూడరాదని కట్టడి చేసిరి. నేడు కొంతభాగము మాత్రమే మిగిలియున్నది.

ఈ కథలో నన్ను మిక్కిలి యాలోచింపజేయునది నాయకుని మరణము. దర్శకుడు దూషింపదలచినది చట్టమునే గాని ప్రేమను గాదు. అయినను స్త్రీపురుషప్రేమయే సహజమని నమ్మి వచ్చి కూర్చున్న ప్రేక్షకుని హృదయము కరగవలెనన్న నాయకుడు చావవలసివచ్చెను. ఆ తరువాత ననేక దశాబ్దములపాటు ఈ షరతు పెద్దగా మారలేదు. మన యాలంకారికుల మాటలలో జెప్పవలెనన్న, ఆ ప్రేక్షకుడు స్వలింగప్రేమికులకు గరుణరసము నిచ్చెను, శృంగారరసము నీయలేదు.

ఈ షరతును స్పష్టముగా గుర్తించినవాడు ఆంగ్లనవలాకారుడు ఇ. ఎమ్. ఫార్‌స్టర్, మన దేశమును గూర్చి ‘ఎ పాసేజ్ టు ఇండియా’ వ్రాసినవాడే. ఆయన 1913-14 సంవత్సరములలో ‘మారిస్’ అను నవల వ్రాసి, ప్రేమికులిద్దరును కలిసి బ్రదుకునట్లు ముగించెను. ఆ సుఖాంతమే గ్రంథమునకు శత్రువైనది. వారిలో నొకడు ఉరికంబమెక్కినట్లో, ఇద్దరును కలిసి చచ్చినట్లో వ్రాసియున్నచో చిక్కే యుండెడిది కాదని 1960లో ఆయనయే యెత్తిపొడుపుగా వ్రాసెను. 1970లో ఆయన గతించిన పిమ్మట 1971లో నవల వెలువడెను; 1987లో చలనచిత్రమైనది.

1961లో ఇంగ్లండున వెలువడిన ‘విక్టిమ్’ చిత్రమును జూడుడు. బెర్లిను చిత్రమునకు నలువదిరెండేండ్ల తరువాతను బెదరించి సొమ్ము గుంజువాడే ప్రతినాయకుడు. దీనికి గారణము లేకపోలేదు. ప్రేమికుని మెచ్చుకొనుటకు సంకోచించు ప్రేక్షకుడు సైతము బెదరించువానిని ద్వేషింపగలడు. ఆ ద్వేషమే యాతనిని చట్టముయొక్క యన్యాయమువఱకు నడిపించుకొనిపోవును. మంచి యుపాయమే. యువతుల కభిమాననటుడైన డర్క్ బొగార్డ్ తన కీర్తిని బణముగా నొడ్డి న్యాయవాది పాత్రను ధరించెను. అయినను కథకు గట్లెంత గట్టిగా వేసిరో గమనింపుడు. న్యాయవాది వివాహితుడు, తాను గోరిన యువకునితో సంబంధము పెంచుకొనక, కోరికను జంపుకొని తొలగినవాడు. ఆ యువకుడు పోలీసుల నిర్బంధములో నురివేసికొనును. బ్రిటిషు సెన్సారువారు పదునాఱేండ్లు నిండినవారికి మాత్రమే యని దీనిని విడిచిరి. అమెరికాలో నిర్మాతల సంఘము తన యామోదముద్రను నిరాకరించెను. చట్టమును సడలింపవలెనని వుల్ఫెండెన్ సంఘము 1957లోనే చెప్పియుండగా, ఇంగ్లండు వేల్సులలో నది 1967లో సడలెను. నడుమ బ్రజల మనస్సు మెత్తబడుటకు ఈ చిత్రమును గొంత తోడ్పడినదందురు. కావున జాలిని నేను దేలికగా ద్రోసివేయను. కాని జాలిపడువాడు గట్టుమీద నిలుచును, జాలికి బాత్రుడైనవాడు నీళ్లలో నుండును.

అమెరికా సంగతియు నిట్టిదే. 1982లో ‘మేకింగ్ లవ్’ అను చిత్రమున నొక వైద్యుడు భార్యను విడిచి, తుదకు వేఱొక పురుషునితో గాపురముండును. పురుషుల ముద్దు కనబడగనే కొందరు లేచిపోయిరి, ధనమును రాలేదు. 1993లో ‘ఫిలడెల్ఫియా’ నాయకుడు ఎయిడ్సు వ్యాధితో మరణించును. ప్రేక్షకులు కన్నీరు గార్చిరి, టామ్ హాంక్సుకు ఆస్కారు లభించెను. అందు నాయకుని పక్షమున వాదించు వకీలు మొదట నట్టివారిని జూచి యసహ్యించుకొనువాడే. అనగా ప్రేక్షకునే తెరమీదికి దెచ్చి నిలిపినారు. 2005లో ఆంగ్ లీ దీసిన ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’ చిత్రమునకు 1.4 కోట్ల డాలర్లు వ్యయము కాగా ప్రపంచమంతట సుమారు 17.8 కోట్ల డాలర్లు వచ్చెను. ఇందును నొకడు చచ్చును. రెండవవాడు వాని చొక్కాను దాచుకొని బ్రదుకును. మూడు ఆస్కారులు వచ్చినవి. ఉత్తమచిత్రమను గౌరవము మాత్రము 2006లో వేఱొకదానికి బోయెను. ఓటుహక్కు గల వృద్ధనటులలో గొందరు దీనిని జూడనేలేదని బహిరంగముగనే చెప్పుకొనిరి.

ఏడ్చినవారే నవ్విరి కూడ. ఈ చిత్రముపై అమెరికా టెలివిజనులో నెలలతరబడి పరిహాసములు సాగెను. అనుచితముగ బ్రవర్తిల్లిన శృంగారము రసము గాదు, ఆభాసమనియు, అది హాస్యమునకు దారితీయుననియు అభినవగుప్తుడు చెప్పెను. సీతపై రావణుని కామము దీనికుదాహరణము. అచ్చట కోరిక యొక్కవైపే యున్నది. ఇచ్చట నిరువురును ఒకరినొకరు గోరుచున్నారు. అయినను నవ్వు పుట్టుచున్నదన్న, ప్రేక్షకుడు తన యలవాటునే యౌచిత్యమని యెంచుచున్నాడన్నమాట. ఆడుదానివలె నడచు పురుషుని మన తెలుగు చిత్రములును నవ్వులకు జాల వాడుకొన్నవి. ఆ నడకను మఱునాడు తరగతిగదిలో ననుకరించు పిల్లలను నేనెఱుగుదును. ఎవని నుద్దేశించి యనుకరించుచున్నారో వానినిగూడ నెఱుగుదును. వాడును దక్కినవారితో గలిసి నవ్వును.

మన దేశమున ‘ఫైర్’ చిత్రము సంగతి విచిత్రమైనది. దీపా మెహతా 1996లో దీసిన యీ చిత్రము 1998 నవంబరులో మనయొద్ద విడుదలయ్యెను. ఢిల్లీలో నొక యుమ్మడికుటుంబమున దోడికోడళ్లయిన రాధ, సీత యొకరినొకరు ప్రేమింతురు. సెన్సారువారు కత్తెర వేయలేదు. ఇంచుమించు మూడు వారములు ప్రేక్షకులు నిమ్మళముగా జూచిరి. ఈ మాటను జరిత్ర వ్రాయువారు మఱచుచుందురు. డిసెంబరు 2న ముంబయిలోను మఱునాడు ఢిల్లీలోను శివసేనవారు చిత్రశాలలపై బడి యద్దములు పగులగొట్టిరి. నాయికల పేర్లును వారికి గిట్టలేదు. దిలీప్ కుమార్ మొదలగువారు సర్వోన్నతన్యాయస్థానము నాశ్రయించిరి. 7వ తేదీన ఢిల్లీ రీగల్ చిత్రశాల యెదుట జనులు దీపములతో గూడిరి; తామును భారతీయులమే, స్త్రీలను బ్రేమించు స్త్రీలమే యని ఫలకములు పట్టి నిలిచినవారు వారిలో నుండిరి. మరల సెన్సారునకు బంపగా, కత్తెర పడకయే 1999 ఫిబ్రవరిలో దిరిగి విడుదలయ్యెను. ఇందు రాధ చీరకు వంటయింట నిప్పంటుకొనును గాని యామె చావదు. వానలో దడియుచు సీతను గలిసికొనును. ఆ తోడికోడళ్లలో నొకతె కాలిపోయియుండినచో నింత యల్లరి జరిగెడిదా యని నాకు సంశయము. మంగళాంతము గాని నాటకమును మన పూర్వులు మెచ్చుకొన్నది యరుదు. వీరికి మాత్రమా మంగళము కూడదని పట్టుబట్టిరి.

2018 సెప్టెంబరు 6న సర్వోన్నతన్యాయస్థానము వయోజనుల స్వేచ్ఛాసంబంధములను 377వ విధినుండి తప్పించెను. అదే యేట దెలుగులో వచ్చిన ‘అ!’ చిత్రమున నిద్దరు యువతుల ప్రేమ కనబడును. కాని చివరకు బాత్రలన్నియు నొక వ్యథిత మనస్సులోని రూపములని తేలును. 2020 ఫిబ్రవరిలో ‘శుభ్ మంగళ్ జ్యాదా సావధాన్’ అను హిందీచిత్రము వచ్చెను. ఇందెవడును చావడు. రైలులో నిద్దరు యువకులు ముద్దుపెట్టుకొనగా, వారిలో నొకని తండ్రి చూచి వాంతి చేసికొనును. నేను జూచిననాడు ఆ దృశ్యమునకు శాలయంతయు నవ్వినది, ఈసారి తండ్రిని జూచి. నా ముందు వరుసలో నిద్దరు యువకులు మాత్రము, జనులెవరిని జూచి నవ్వుచున్నారో తెలిసికొనుటకు గాబోలు, ఒకమారు వెనుకకు దిరిగి చూచిరి.