నిద్రగన్నేరు చెట్టు కింద శాసనసభ

మలేసియాలో పదమూడు రాష్ట్రాలు. వాటిలో తొమ్మిదింటికి నేటికీ వారసత్వ పాలకులున్నారు. ఆ తొమ్మిదింటిలో ముఖ్యమంత్రిని ‘మెంత్రి బెసార్’ అంటారు. నేనుంటున్న పెరాక్ అలాంటి రాష్ట్రమే. శాసనసభ ఇపోలో, సుల్తాను అంతఃపురం క్వాలా కాంగ్సార్‌లో. ఏళ్ల తరబడి ఈ రాష్ట్రాన్ని ఏలినవాళ్లను జనం ఎప్పుడో మరిచిపోయారు. పదకొండు నెలలు నిండకుండానే గద్దె దిగిన మహమ్మద్ నిజార్ జమాలుద్దీన్‌ను మాత్రం మరవలేదు. ఈ దేశంలో అధికారం ఎక్కడ పుడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో అర్థం కావాలంటే ఆయన కథ తెలుసుకుంటే చాలు.

ముందు పెరాక్ సంగతి. కింటా లోయ తగరపు గనులకు చైనీయులు వచ్చారు. రబ్బరు, కొబ్బరి ఎస్టేట్లకు తమిళులు, మన తెలుగువాళ్లు వచ్చారు. పల్లెల్లోనూ వరిపొలాల్లోనూ మలయులు ముందునుంచీ ఉన్నారు. 1948లో కమ్యూనిస్టు గెరిల్లాలతో యుద్ధం మొదలయ్యాక, అడవి అంచుల్లో ఉంటున్న చైనా కుటుంబాలను బ్రిటిష్‌వాళ్లు లక్షల్లో తరలించి, ముళ్లకంచె వేసిన ‘కొత్త గ్రామాల్లో’ పెట్టారు. గెరిల్లాలకు బియ్యం, మందులు అందకుండా చూడాలన్నది వాళ్ల ఎత్తు. యుద్ధం 1960లో ముగిసింది, కంచెలూ పోయాయి. ఇళ్ల స్థలాలు మాత్రం చాలామందికి లీజు కాగితాల మీదే మిగిలాయి. లీజు గడువు దగ్గరపడితే బ్యాంకు అప్పివ్వదు, కొనేవాడు ధర తెగ్గోస్తాడు.

స్వాతంత్ర్యం వచ్చిన 1957 నుంచీ ఇక్కడ ఒకే కూటమి ఏలింది. మలయుల పార్టీ ఉమ్నో పెద్దన్నగా ఉన్న ఆ కూటమి పేరు తర్వాత బారిసాన్ నేషనల్ అయింది. 2008 మార్చి 8 ఎన్నికల్లో ఆ కోట బీటలు వారింది. మొత్తం 59 స్థానాల్లో బారిసాన్‌కు 28 దక్కితే ప్రతిపక్షాలకు 31 వచ్చాయి. ఈ 31లో చైనీయుల బలమున్న డీఏపీకి 18, అన్వర్ ఇబ్రహీం పార్టీ పీకేఆర్‌కు 7, ఇస్లామిక్ పార్టీ పాస్‌కు 6. పెరాక్ రాజ్యాంగం ప్రకారం మెంత్రి బెసార్ ముస్లిం మలయుడై ఉండాలి. ఈ నిబంధన సడలించే అధికారం ఒక్క సుల్తానుదే. అలా, అందరికంటే తక్కువ సీట్లున్న పాస్ నుంచి ఇంజినీరు నిజార్‌కు పిలుపు వచ్చింది. మతరాజ్యం కోరే పార్టీ మనిషి కింద పనిచేయడమా అని డీఏపీ పెద్దలు మొదట ప్రమాణ స్వీకారానికే వెళ్లొద్దన్నారు, తర్వాత మెత్తబడ్డారు. మార్చి 17న నిజార్ ప్రమాణం చేశారు.

మసీదు మెట్ల మీద నుంచి వచ్చిన నాయకుడు చైనా గ్రామాలకు ఏం చేస్తాడని అనుకున్నవాళ్లే నోరెళ్లబెట్టారు. కొత్త గ్రామాల్లోని లీజు స్థలాలకు శాశ్వత పట్టాలిస్తామని ఆయన ప్రభుత్వం ప్రకటించింది. మలయుల ప్రణాళికా గ్రామాలకూ అదే మాట ఇచ్చింది. చైనీయుల సభలకు వెళ్తే మాండరిన్‌లో నాలుగు మాటలు, మనవాళ్ల సభలకొస్తే తమిళంలో నాలుగు మాటలు మాట్లాడేవారు. ఉమ్నో దీన్నే ఆయుధం చేసుకుంది: ఈయన డీఏపీ చేతిలో కీలుబొమ్మ, మలయుల భూమిని ధారపోస్తున్నాడు అని ఊరూరా చాటింది.

31కి 28. ఇద్దరు అటు దూకినా చాలు. 2009 జనవరి చివర్లో మొదటి దూకుడు ఇటువైపే జరిగింది. ఒక ఉమ్నో సభ్యుడు పీకేఆర్‌లోకి వచ్చాడు, సంబరాలూ చేశారు. పది రోజులు తిరక్కుండానే ఆయన వెనక్కి వెళ్లిపోయాడు. అవినీతి కేసులు ఎదుర్కొంటున్న ఇద్దరు పీకేఆర్ మంత్రులు, డీఏపీకి చెందిన డిప్యూటీ స్పీకరు పార్టీలొదిలి స్వతంత్రులమని చెప్పి బారిసాన్‌కు మద్దతు పలికారు. పీకేఆర్ ఇద్దరి దగ్గర ముందే తేదీ లేకుండా రాయించుకున్న రాజీనామా లేఖలుంటే, స్పీకర్ శివకుమార్ వాటిని ఆమోదించి సీట్లు ఖాళీ అయ్యాయన్నారు. ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు.

నిజార్ అంతఃపురానికి వెళ్లి, సభను రద్దు చేయండి, జనమే తేలుస్తారు అని కోరారు. ఇక్కడే ఈ దేశపు అసలు మెలిక ఉంది. 1874లో పంగ్‌కోర్ ఒప్పందంతో బ్రిటిష్ రెసిడెంటు పెరాక్‌కు వచ్చినప్పుడు, మతం, మలయ ఆచారాలు తప్ప మిగతా అన్నిటా సుల్తాను ఆయన సలహా పాటించాలని రాసుకున్నారు. స్వాతంత్ర్యం తర్వాత ఆ సలహా ఇచ్చే చోటు మెంత్రి బెసార్‌కు దక్కింది. కానీ మెంత్రి బెసార్‌ను నియమించడం, సభ రద్దుకు ఒప్పుకోకపోవడం సుల్తాను విచక్షణకే వదిలారు. అప్పటి సుల్తాను అజ్లాన్ షా సామాన్యుడు కాడు. దేశ అత్యున్నత న్యాయమూర్తిగా పనిచేసి సింహాసనమెక్కినవాడు. బారిసాన్ వైపున్న 31 మందిని కలిసి మాట్లాడి, వాళ్లకు మెజారిటీ ఉందని తృప్తిపడి, రద్దు కుదరదన్నారు, రాజీనామా చేయమన్నారు. ధిక్కరించక తప్పడం లేదు, మన్నించండి అని నిజార్ రాచమర్యాద భాషలోనే జవాబిచ్చారు. మలయ సమాజంలో ఆ ఒక్క మాట చెవిన పడితేనే పెద్దలు ఉలిక్కిపడతారు. ఫిబ్రవరి 6న ఉమ్నో నేత జాంబ్రీ అబ్దుల్ ఖాదిర్ ప్రమాణం చేస్తుంటే క్వాలా కాంగ్సార్ వీధుల్లో జనం రోడ్డుకడ్డం పడ్డారు.

ఇక మార్చి 3. శివకుమార్ అత్యవసర సమావేశం పిలిస్తే సభాభవనంలోకి పోలీసులు రానివ్వలేదు. పక్కనే ఓ నిద్రగన్నేరు చెట్టుంది, మన ఊళ్లలో రోడ్ల పక్కన గొడుగు పట్టినట్టుండే చెట్టే. స్పీకరు గౌను వేసుకునే దాని కింద సభ నడిపారు. చుట్టూ కెమెరాలు, కార్యకర్తలు, పోలీసులు. నిజార్ మీద విశ్వాసం ఉందని, సభను రద్దు చేయాలని తీర్మానాలు చేశారు. మే 7న సభ అసలు భవనంలో కూడింది గానీ అది మరీ రసాభాస అయింది. రాజప్రతినిధి రాజా నజ్రీన్ ప్రారంభోపన్యాసం చేయడానికొచ్చి గంటల తరబడి పక్కగదిలో కాచుకు కూర్చున్నారు. శివకుమార్‌ను స్పీకర్ స్థానం నుంచి బయటికి ఈడ్చుకెళ్లి, బారిసాన్ తన స్పీకరును కూర్చోబెట్టింది.

మధ్యలో ఏప్రిల్‌లో బుకిత్ గంతాంగ్ పార్లమెంటు ఉపఎన్నిక వచ్చింది. నిజార్ నిలబడి 2,789 ఓట్లతో గెలిచారు. మే 11న హైకోర్టు, సభలో ఓటింగు లేకుండా విశ్వాసం పోయిందనలేం, నిజారే మెంత్రి బెసార్ అని తీర్పిచ్చింది. మరుసటి రోజే దానిమీద స్టే వచ్చింది. అదే నెలలో అప్పీలు కోర్టు తీర్పును తిరగేసింది. 2010 ఫిబ్రవరి 9న ఫెడరల్ కోర్టు ఐదుగురూ ఏకమై తేల్చేశారు: మెజారిటీ పోయిందని తెలియడానికి సభలో ఓటే జరగాలని లేదు.

తెలుక్ ఇంతన్ వైపు తాతల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడొక పెద్దాయన నన్నడిగాడు: “మీ కాడ రామారావును నెలకే మళ్లీ కూకోబెట్టినారు గదా బాబూ, మా కాడ ఎందుకవలేదు?”

అడగాల్సిన ప్రశ్నే. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను దించితే, సెప్టెంబరు 16కల్లా మళ్లీ కూర్చోబెట్టక తప్పలేదు. ఆయనకు సభ్యుల సంఖ్య ఉంది, దాన్ని దేశమంతా చూసేలా నిలబెట్టారు. నిజార్‌కు ఆ సంఖ్య నిజంగానే చేజారింది. ఆయన అడిగింది కుర్చీ కంటే ఎన్నికలనే. ఇంకో తేడా ఉంది. గవర్నరు ఢిల్లీ పంపిన మనిషి, తప్పు జరిగితే మార్చేయొచ్చు. సుల్తానును మార్చేదెవరు? మన సుప్రీంకోర్టు 1994లో బొమ్మై కేసులో బలపరీక్ష సభలోనే జరగాలంది. ఇక్కడి కోర్టు అందుకు పూర్తిగా ఎదురు దారి పట్టింది. ఫిరాయింపుల చట్టం మనకు 1985లోనే వచ్చింది. ఇక్కడ కెలాంతాన్ రాష్ట్రం అలాంటిది చేసుకుంటే 1992లో అత్యున్నత న్యాయస్థానం, సంఘం పెట్టుకునే స్వేచ్ఛకు విరుద్ధమని కొట్టేసింది.

తర్వాత కాలం మెల్లగా నిజార్ వైపు తిరిగింది. 2020 డిసెంబరులో పెరాక్ మెంత్రి బెసార్ ఫైజల్ అజుము మీద సభలోనే ఓటింగు జరిగింది; 48 మంది వ్యతిరేకించారు, పది మందే మద్దతిచ్చారు, ఆయన దిగిపోయారు. చెట్టు కింద అడిగింది చివరికి పైకప్పు కింద జరిగింది. 2022లో పార్లమెంటు ఫిరాయింపుల నిరోధక సవరణ చేసింది.

నిజార్ మాత్రం పాస్ వదిలి 2015లో అమానా పార్టీలో చేరారు. 2022 ఎన్నికల్లో పెరాక్‌లో అమానా గెలిచింది ఒక్క సీటు, అది ఆయనదే. బారిసాన్‌కు 9. డీఏపీకి సరిగ్గా 2008లాగే 18. అయినా మెంత్రి బెసార్ పదవి 9 సీట్ల ఉమ్నోకే వెళ్లింది, సారానీ మొహమ్మద్ కింద నిజార్ మంత్రయ్యారు. ఒకనాడు తనను దించిన పార్టీ నాయకత్వంలో పనిచేస్తున్నారు. తన పాత పార్టీ పాస్ ఎదుటి బెంచీల్లో ఉంది. జాంబ్రీ కూడా ప్రధాని అన్వర్ ప్రభుత్వంలో కేంద్రమంత్రి.

ఇదంతా అవకాశవాదమేనని కొట్టిపారేసేవాళ్లు ఇపోలో చాలామందే ఉన్నారు. నేనలా అనను. ఈ పొత్తు రాత్రికి రాత్రి సభ్యులను మాయం చేసి కట్టింది కాదు. ఎన్నికలయ్యాక, ఎవరికీ మెజారిటీ రాని సభలో, పార్టీలకు పార్టీలే బహిరంగంగా కలిశాయి. ఓటరుకు నచ్చకపోతే వచ్చేసారి ఎవరిని శిక్షించాలో తెలుసు. 2009లో పెరాక్ ఓటరుకు దక్కనిది ఆ అవకాశమే. నలభై ఏళ్లుగా చట్టం ఉన్నా, కండువా మార్చిన ఎమ్మెల్యేల పిటిషన్లు స్పీకర్ల బల్లల మీద పదవీకాలం ముగిసేదాకా మూలగడం చూసిన మనం, ఈ మాట వాళ్లకంటే బాగా అర్థం చేసుకోవాలి.