చార్లెస్టన్ వసంతకాలపు ఇళ్ళు, తోటల సందర్శన

అమెరికా ఆగ్నేయ తీరాన, సౌత్ కరోలినా రాష్ట్రంలోని చార్లెస్టన్ నగరంలో ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో జరిగే సందర్శనోత్సవం ఇది. కుటుంబాలు కాపురం ఉంటున్న చారిత్రక గృహాలను, వాటి పెరటి తోటలను ఆ రోజుల్లో టికెట్టు కొన్నవారికి తెరిచి చూపిస్తారు. హిస్టారిక్ చార్లెస్టన్ ఫౌండేషన్ దీన్ని నిర్వహిస్తుంది. వచ్చిన రాబడి పాత కట్టడాల పరిరక్షణకు పోతుంది.

ఇంగ్లండు నుంచి వచ్చిన వలసదారులు 1670లో ఆష్లే నది ఒడ్డున తొలి స్థావరం వేసుకున్నారు. పదేళ్ళకు ఆష్లే, కూపర్ నదుల నడుమ ఉన్న ద్వీపకల్పానికి ఊరిని మార్చారు. ఊరికి సిరి తెచ్చినవి వరి, నీలిమందు. బ్రిటిష్ అమెరికాలోని సంపన్న నగరాల్లో ఒకటిగా చార్లెస్టన్‌ను నిలబెట్టింది ఈ రెండు పంటలే. బురదనేలల్లోని చెట్లు నరికి, గట్లు పోసి, తూములు పెట్టి మడులు చేసినవారు ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసలు. వారిలో చాలామంది పశ్చిమ ఆఫ్రికా వరిసీమల నుంచి వచ్చినవారే. ఇప్పుడు టికెట్టు పెట్టి చూసే ప్రతి చిత్రిక పట్టిన తలుపు వెనకా, ప్రతి ఇటుక గోడ వెనకా వారి రెక్కల కష్టం ఉంది.

ఇక్కడి ఇంటి కట్టుబడి ప్రత్యేకమైనది. ‘సింగిల్ హౌస్’ అనే ఈ ఇల్లు ఒక గది వెడల్పే ఉంటుంది. పొట్టి గోడ వీధి వైపు, పొడవు లోపలికి. దక్షిణం పక్కనో పడమటి పక్కనో ‘పియాజా’ అని పిలిచే పొడవాటి వసారా అంతస్తుకొకటి చొప్పున సాగుతుంది. వీధిలోంచి చూస్తే సింహద్వారంలా కనిపించేది నిజానికి ఇంట్లోకి కాదు, ఈ వసారాలోకి తెరుచుకుంటుంది. అసలు గుమ్మం వసారా నడుమ ఉంటుంది. సముద్రపు గాలి ఒక పక్క నుంచి వచ్చి గది దాటి రెండో పక్కకు పోవాలన్నది ఈ ఏర్పాటులోని కిటుకు. వసారా ముందున్న సన్నటి జాగా తోట. దాని వెనక వంటిల్లు, గుర్రపుసాల, బానిసలు పడుకునే గదులు.

తోట చిన్నదే అయినా దాని వంశావళి పెద్దది. ఊరి బయట ఆష్లే ఒడ్డున హెన్రీ మిడిల్టన్ 1741లో మొదలుపెట్టిన మిడిల్టన్ ప్లేస్ ఉంది. దానికి దగ్గరలోనే, అంతర్యుద్ధం తర్వాత 1870 ప్రాంతంలో సందర్శకులకు తెరిచిన మాగ్నోలియా తోటలున్నాయి. తూర్పు ఆసియా మూలాలున్న అజేలియాలు, కమెలియాలు ఇక్కడి ఆమ్ల నేలలో పుట్టింట్లో ఉన్నట్టే పెరిగాయి. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఆంద్రే మిషో 1780ల చివర చార్లెస్టన్ దగ్గర తోట వేసి, ఎన్నో కొత్త మొక్కలు ఈ తీరానికి తెచ్చాడు. 19వ శతాబ్దం తొలి ఏళ్ళలో జాన్ చాంప్నీస్ అనే వరిరైతు తోటలో చైనా గులాబీ, కస్తూరి గులాబీ కలిసి ఒక కొత్త రకం పుట్టింది. పొరుగున నర్సరీ నడిపే ఫిలిప్ నోయిజెట్ దాని సంతతిని ఫ్రాన్సుకు పంపాడు. ‘నోయిజెట్’ గులాబీలుగా లోకానికెక్కిన ఈ జాతి అమెరికాలో పుట్టిన తొలి గులాబీ తరగతి. సందర్శనకు మార్చి, ఏప్రిల్ నెలలనే ఎంచుకోవడానికి కారణం కూడా ఈ మొక్కలే. కమెలియాల పూత తగ్గే వేళకు అజేలియాలు, విస్టీరియా, డాగ్‌వుడ్ విరగబూస్తాయి. ఉక్కపోత ఇంకా మొదలు కాదు.

ఇప్పుడు కనిపించే నగర తోటల రూపం మాత్రం చాలావరకు 20వ శతాబ్దానిది. న్యూయార్కు నుంచి వచ్చిన ఉద్యాన రూపశిల్పి లౌట్రెల్ బ్రిగ్స్ 1920ల చివరి నుంచి ఇరుకు పెరళ్ళను పొదల గోడలతో గదులుగా విడగొట్టి, ఇటుక బాటలు, చిన్న కొలనులతో తీర్చాడు. 1951లో వచ్చిన ఆయన పుస్తకం ‘చార్లెస్టన్ గార్డెన్స్’ ఈ శైలికి పేరు తెచ్చింది. చర్చి వీధిలో ఎమిలీ వేలీ దశాబ్దాల పాటు పెంచిన పెరడు ఆయన గీసిన తోటల్లోకెల్లా ప్రసిద్ధం.

ఇళ్ళు నిలిచిన కథ వేరు. 1861లో అంతర్యుద్ధం ఈ రేవులోని సమ్టర్ కోట మీద పేలిన ఫిరంగులతోనే మొదలైంది. యుద్ధం ముగిసేసరికి ఊరు చితికిపోయింది. 1886 ఆగస్టు 31న పెద్ద భూకంపం వచ్చింది. బీటలిచ్చిన గోడలను పట్టి ఉంచడానికి ఇంటి మధ్యగా ఇనుప కడ్డీలు దూర్చి, వెలుపల బిళ్ళలు బిగించారు. నేటికీ గోడల మీద గుండ్రంగా కనిపించే ఆ బిళ్ళలే చార్లెస్టన్‌కు గుర్తు. కూలగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత లేకపోవడమే పాత ఇళ్ళను కాపాడిందన్న మాటలో చాలా నిజముంది.

అసలు ప్రమాదం మోటారు కార్లతో వచ్చింది. జోసెఫ్ మానిగాల్ట్ ఇల్లు 1803 నాటిది. దాని తోటలో పెట్రోలు బంకు వెలిసింది. తోట ద్వారం దగ్గరి చిన్న మండపాన్ని బంకు మరుగుదొడ్డిగా వాడారు. మరోవైపు మ్యూజియంలు, ధనవంతులు పాత ఇళ్ళ చెక్క పలకలను, ఇనుప గేట్లను ఊడదీసి పట్టుకుపోయేవారు. జాన్ స్టువర్ట్ ఇంటి గదులు మినియాపొలిస్ మ్యూజియంకు చేరాయి. ఈ మానిగాల్ట్ ఇంటి కోసమే 1920లో సూసన్ ప్రింగిల్ ఫ్రాస్ట్ నాయకత్వంలో సంరక్షణ సంఘం పుట్టింది. ఇళ్ళ స్థలాల వ్యాపారం చేసే, స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన మహిళ ఆమె. 1931లో నగరపాలక సంస్థ చారిత్రక ప్రాంతాన్ని గుర్తించి, అక్కడి మార్పులపై సమీక్ష మండలిని పెడుతూ చట్టం చేసింది. అమెరికాలో అలాంటిది అదే మొదటిది.

టికెట్టు పెట్టి ఇళ్ళు చూపించే ఆలోచన చార్లెస్టన్‌ది కాదు. వర్జీనియాలో తోటల వారం 1929లో మొదలైంది. మిసిసిపీ నది ఒడ్డున నాచెజ్‌లో 1931లో మంచు పూలన్నిటినీ మాడ్చేస్తే, వచ్చిన అతిథులకు ఇళ్ళ లోపలి గదులు చూపించారు. అది నచ్చి, మరుసటి ఏడాది నుంచి అక్కడ అదే ఉత్సవమైంది. చార్లెస్టన్‌లో 1947లో ఫౌండేషన్ ఏర్పడింది. ఆ వెంటనే వసంతకాల పర్యటనలు దాని చేతికొచ్చాయి. తొలి రోజుల్లో వీటి నిర్వహణ చూసిన ఫ్రాన్సెస్ ఎడ్మండ్స్ తర్వాత 1985 దాకా సంస్థను నడిపారు. ఒక వాడను ఎంచుకుని, అందులో కొన్ని ఇళ్ళు కాలినడకన చూపించడం, గదికొక స్వచ్ఛంద వివరణకర్తను నిలబెట్టడం అనే పద్ధతి కుదిరింది.

1955లో మీటింగ్ వీధిలోని నతానియేల్ రసెల్ ఇంటిని సంస్థ కొన్నది. గోడ ఆసరా లేనట్టు మూడు అంతస్తులు మెలిక తిరిగి లేచే దాని మెట్లవరుస చూడవలసిందే. 1950ల చివర ఆన్సన్‌బరో వాడలో శిథిలమైన ఇళ్ళను కొని, షరతులతో అమ్మి, వచ్చిన సొమ్ముతో మరో ఇల్లు కొనే ‘తిరుగు నిధి’ పథకం పెట్టింది. ఇతర నగరాలు దీన్ని ఆదర్శంగా తీసుకున్నాయి. కానీ అద్దెకుంటున్న పేద నల్లజాతి కుటుంబాలు ఆ వాడ వదిలి పోవలసి వచ్చింది. ఈ పథకం విజయాల గురించి రాసేటప్పుడు ఆ సంగతి విడిచిపెట్టడం సరి కాదు.

చాలా ఏళ్ళు పర్యటనల్లో వెండి సామాను, వంశవృక్షాల ప్రస్తావనే ఎక్కువ. కానీ రసెల్ బానిసల వ్యాపారం కూడా చేసిన వర్తకుడు. ఆయన ఇల్లు పూర్తయిన 1808లోనే ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చే వ్యాపారాన్ని అమెరికా చట్టం నిషేధించింది. 1995లో సంస్థ తీసుకున్న ఐకెన్-రెట్ ఇంటిని మెరుగులు దిద్దకుండా ఉన్నది ఉన్నట్టు నిలిపారు. పెచ్చులూడిన రంగు, పెరటి వంటిల్లు, మేడ మీద బానిసల గదులు అలాగే ఉన్నాయి. చార్లెస్టన్‌లో ఒకే ఇల్లు చూసే వీలుంటే చూడవలసింది ఇదే. ఊరి నిండా కనిపించే ఇనుప గేట్లలో ఎన్నో నల్లజాతి కమ్మరి ఫిలిప్ సిమ్మన్స్ (1912–2009) కొలిమిలోవి. బానిసల ఓడలు ఆగిన గాడ్స్‌డెన్ రేవు చోట 2023లో ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరిచారు.

1989 సెప్టెంబరులో హ్యూగో తుపాను పైకప్పులు లేపేసి, పాత చెట్లను కూల్చింది. 2020లో కోవిడ్ వల్ల ఉత్సవం ఆగింది. ఇప్పటి సమస్య ఆటుపోట్ల నీరు. పున్నమి, అమావాస్యల్లో వాన లేకుండానే పల్లపు వీధులు మునుగుతున్నాయి. ఉప్పునీరు నిలిచిన పెరట్లో కమెలియా, అజేలియా తట్టుకోలేవు. 2019లో నగరం, ఫౌండేషన్ కలిసి నెదర్లాండ్స్ నిపుణులతో నీటి నిర్వహణపై చర్చలు జరిపాయి. కొందరు యజమానులు పాత ఇళ్ళను జాకీలతో కొన్ని అడుగులు పైకి లేపుతున్నారు. అందుకు ముందుగా అనుమతి ఇవ్వవలసింది 1931 చట్టం పెట్టిన ఆ సమీక్ష మండలే.