పెరుగు గిన్నె నుంచి కాలేయం దాకా: ఒక అల కథ

పాలు ఏ క్షణంలో పెరుగవుతాయి? ఈ వారం ఎపిసోడ్ ఈ ప్రశ్నతోనే మొదలైంది. మన ఇళ్లల్లో దీనికి పరీక్ష ఒకటే, గిన్నెని మెల్లగా కదిపి చూడడం. తోడుకోకపోతే పాలు తొణుకుతాయి. తోడుకుంటే గడ్డంతా ఒక్కటిగా వణుకుతుంది. ఆ వణుకే ఇవాళ్టి మన చరిత్ర.

అలలు రెండు రకాలు. ఒకటి శబ్దంలా నొక్కుకుంటూ పోయేది. పాలలోనైనా పెరుగులోనైనా దాని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లే, ఎందుకంటే రెండిట్లోనూ ఎక్కువ భాగం నీళ్లే. రెండోది, తాడు కొస పట్టుకుని ఊపినట్టు, అడ్డంగా ఊగుతూ పోయేది. ద్రవంలో అది నిలవదు. పులుపెక్కి కేసిన్ ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకున్నాకే దానికి దారి దొరుకుతుంది. గట్టిదనం నాలుగు రెట్లయితే ఈ అల వేగం రెండు రెట్లవుతుంది.

నేనుండే జెర్సీ సిటీకి జెల్‌తో చుట్టరికం పాతదే. 1820లో కోల్‌గేట్ కంపెనీ ఇక్కడ గంజిపిండి ఫ్యాక్టరీ పెట్టింది. చిక్కగా కాచిన గంజి చల్లారి పేరుకుంటే అదీ జెల్లే. అప్పటికి ఇలాంటి పదార్థాలకు శాస్త్రంలో పేరు కూడా లేదు. 1861లో థామస్ గ్రాహం ‘కొల్లాయిడ్’ అని పేరు పెట్టాడు. 1941లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త జాన్ ఫెర్రీ, జెల్‌లో అడ్డంగా ఊగే అలల్ని ప్రత్యేకమైన కాంతితో కంటికి కనిపించేలా చేసి కొలిచే పద్ధతి ప్రచురించాడు.

తర్వాతి మలుపు పారిస్‌లో. అక్కడ మథియాస్ ఫింక్ ల్యాబ్ వాళ్లు, మెత్తని పదార్థంలో నెమ్మదిగా నడిచే ఈ అలని వేగంగా పోయే అల్ట్రాసౌండ్‌తో వెంటాడారు. 2006లో మాంట్రియల్‌లో జెనిసన్, క్లూటియే ఇలాంటి పద్ధతితోనే అగర్, జెలటిన్ మిశ్రమం ద్రవం నుంచి జెల్‌గా మారడాన్ని గమనించారు.

ఈ కథ మనకెందుకంటారా? కాలేయం కూడా ఈ అలకు జెల్ లాంటిదే. ఈ పద్ధతితో తయారైన ఫైబ్రోస్కాన్‌కు అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. పక్కటెముకల మధ్య చిన్నగా తడుతుంది, అల వేగం చూస్తుంది. ఆరోగ్యంగా ఉంటే సెకనుకు మీటరు పైచిలుకు. మచ్చకట్టి బాగా గట్టిపడితే 2 మీటర్లు దాటుతుంది. సూది లేదు, కోత లేదు.

నైట్ షిఫ్టులు, కూర్చునే ఉద్యోగాలు, వేళకాని భోజనాలు. మనవాళ్లలో ఫ్యాటీ లివర్ మాట తరచూ వింటున్నాం. అది చాలాకాలం ఏ లక్షణమూ చూపించదు. డాక్టర్ ఈ పరీక్ష రాస్తే వాయిదా వేయకండి. ముందు 3 గంటలు ఏమీ తినకండి, తింటే అంకె ఎక్కువ చూపించొచ్చు. పెరుగు గట్టిగా తోడుకుంటే సంతోషమే. కాలేయం మాత్రం మెత్తగానే ఉండాలి.