క్వాలిస్ నుంచి సఫారీ దాకా: బండి మారితే అభిమానులు ఎందుకు అలుగుతారు?



మన సంఘంలో ఎవరైనా "ఏడు సీట్ల బండి కొందామనుకుంటున్నాం" అనగానే రెండు వర్గాలు తయారవుతాయి. "పాత ఇన్నోవా లాంటిది మళ్లీ రాదండీ" అనేవాళ్లు ఒకవైపు. "ఇంకా ఆ కాలంలోనే ఉన్నారా?" అనేవాళ్లు ఇంకోవైపు. సఫారీ మాట ఎత్తితే ఇక చెప్పక్కర్లేదు. "అది సఫారీయే కాదు" అని కోపంగా అనేవాళ్లు మనలో కనీసం నలుగురైదుగురు ఉన్నారు. ఈ వాదన వెనక పాతికేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో పెద్ద భాగం మన పక్కనే, మైసూరు రోడ్డు మీద బిడదిలో జరిగింది. ఓపికగా చదవండి, కొంచెం పెద్ద పోస్టే.

ముందు 1990ల్లోకి వెళ్దాం. అప్పట్లో పదిమంది కలిసి ఊరెళ్లాలంటే జీపో, వ్యానో, లేదంటే ఇరుక్కుని అంబాసిడరో. 1994లో టాటా సుమో వచ్చింది. పేరు చూసి జపాన్ మల్లయోధులు గుర్తొస్తారు గానీ, అది టెల్కోని నడిపించిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని అక్షరాలతో పెట్టిన పేరు. మన తెలుగువాళ్లకి సుమో అంటే మాత్రం ఇంకో అర్థం ఉంది. సీమ ఫ్యాక్షన్ సినిమాల్లో దుమ్ము రేపుకుంటూ వరసగా వచ్చి, చివరికి గాల్లోకి లేచి పేలిపోయే బండి అది!

1998లో అదే కంపెనీ సఫారీని తెచ్చింది. ఎత్తైన బండి, వెనక తలుపుకి తగిలించిన స్టెపినీ, వెనక భాగంలో మెట్టులా పైకి లేచిన టాప్, కావాలంటే ఫోర్ బై ఫోర్. సుమో కష్టపడే బండి అయితే, సఫారీ దర్జా చూపించే బండి. నాయకుల కాన్వాయ్‌లలో తెల్ల సఫారీలు కనిపించడం మొదలయ్యాక మన ఊళ్లలో దానికి ఇంకో రకం గౌరవం వచ్చింది.

ఇక మన బిడది సంగతి. 1997లో టొయోటా, కిర్లోస్కర్ కలిసి కంపెనీ పెట్టాయి. 2000 జనవరిలో బిడది ఫ్యాక్టరీ బండి క్వాలిస్ మార్కెట్లోకి వచ్చింది. ఇండోనేషియాలో కిజాంగ్ పేరుతో అప్పటికే పాతబడిన బండికి మార్పులు చేసి ఇక్కడికి తెచ్చారు. డబ్బాలా ఉందని వెక్కిరించినవాళ్లు చాలామందే. కానీ కొన్నవాళ్లు చూసుకున్నది వేరు. ఎనిమిది నుంచి పదిమంది పడతారు, 2.4 లీటర్ల డీజిల్ ఇంజన్ మొరాయించదు, గ్యారేజీ మొహం ఎక్కువ చూడక్కర్లేదు. అప్పుడే బెంగళూరులో, హైదరాబాదులో కాల్ సెంటర్లు పెరుగుతున్నాయి. రాత్రి షిఫ్టు పిల్లల్ని ఇళ్ల దగ్గర ఎక్కించుకుని తెల్లారి దింపే బండిగా క్వాలిస్ ఈ రెండు నగరాల్లో స్థిరపడిపోయింది. ఆ రోజుల్లో ఇక్కడ ఉద్యోగంలో చేరిన మనవాళ్లు ఎంతమంది దాని వెనక సీట్లో కునుకు తీశారో!

ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. 2005లో క్వాలిస్ బాగా అమ్ముడవుతూ ఉండగానే టొయోటా దాన్ని ఆపేసింది. ఆ ఫిబ్రవరిలో దాని స్థానంలో ఇన్నోవాని దించింది. ట్రావెల్స్ వాళ్లు గగ్గోలు పెట్టారు. ధర ఎక్కువ, సీట్లు తక్కువ, చూడ్డానికి సున్నితంగా ఉంది. అప్పు తీసుకుని బండి నడిపేవాడికి సీటు తగ్గడమంటే ప్రతి ట్రిప్పులో ఆదాయం తగ్గడమే. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. అంతకు ముందు ఏడాదే వచ్చిన షెవ్రొలె టవేరాకి ఆ ఖాళీ బాగా కలిసొచ్చింది. క్వాలిస్ దొరకని ట్రావెల్స్ వాళ్లు చాలామంది అటు మళ్లారు.

అయినా ఇన్నోవా నిలబడింది, మామూలుగా కాదు. ఎందుకు? పైకి అన్నీ మారినట్టు కనిపించినా అడుగున మారనివి చూడండి. కింద బలమైన ల్యాడర్ ఫ్రేమ్ ఛాసీ, వెనక చక్రాలకి డ్రైవ్, డీజిల్ ఇంజన్, మూడు వరసల సీట్లు, మొరాయించని గుణం. వీటిలో ఏదీ పోలేదు. పోయింది డబ్బా ఆకారం, వచ్చింది సుఖం. తిరుపతి దాకా వెనక కూర్చున్న అమ్మమ్మ నడుం పట్టేయకుండా దిగడం ఇన్నోవాతోనే మొదలైందని చాలా ఇళ్లలో చెబుతారు. 2014లో తెలంగాణ ఏర్పడిన కొద్ది నెలలకే కొత్త ప్రభుత్వం హైదరాబాద్ పోలీసులకి ఇచ్చిన కొత్త వాహనాల్లోనూ ఇన్నోవాలు ఉన్నాయి. ఇంటికీ, ట్రావెల్స్‌కీ, పోలీసుకీ ఒకే బండి నచ్చడం చిన్న విషయం కాదు.

2016లో ఇన్నోవా క్రిస్టా అయింది. ఇంకా పెద్దది, ఇంకా ఖరీదైనది. కొంత గొణుగుడు వినిపించింది గానీ, ఛాసీ అదే పద్ధతి, డ్రైవ్ వెనకే, డీజిల్ ఉంది. కాబట్టి గొణుగుడు ధర దగ్గరే ఆగిపోయింది.

అసలైన మలుపు 2022 నవంబర్ 25న వచ్చింది. ఆ రోజు ఇన్నోవా హైక్రాస్‌ని ముంబైలో ఆవిష్కరించారు. ఆ వేదిక మీద ఉన్న విక్రమ్ కిర్లోస్కర్ నాలుగు రోజుల తరవాత బెంగళూరులో గుండెపోటుతో కన్నుమూశారు. బిడదికి టొయోటాని తెచ్చిన మనిషి చివరిగా జనానికి చూపించిన బండి అది.

ఈసారి పేరు తప్ప అడుగున దాదాపు అన్నీ మారాయి. విడిగా ఛాసీ లేదు, బాడీయే బండి భారం మోసే మోనోకాక్ పద్ధతి. డ్రైవ్ ముందు చక్రాలకి. డీజిల్ లేదు, పెట్రోలు లేదా పెట్రోలు హైబ్రిడ్. పాత ఇన్నోవా వాళ్లకి ఇది మింగుడు పడలేదు. వాళ్లు చెప్పే కారణం ఉత్త అలవాటు కాదు. నిండా మనుషులు, వెనక సామాను, తిరుమల ఘాట్ ఎక్కుతున్నాం అనుకోండి. ఎక్కుడులో బరువు వెనక్కి వాలుతుంది. వెనక చక్రాలు నేలని గట్టిగా పట్టుకుంటాయి, ముందువి తేలికవుతాయి. ముందు చక్రాలు లాగే బండికి అక్కడ, అందులోనూ తడి రోడ్డు మీద, పట్టు తగ్గుతుంది. డ్రైవర్లకి ఈ లెక్క పుస్తకంలో చదివి కాదు, చేతి మీదుగా తెలుసు.

అవతలి వైపు వాదనా వినాలి. సిల్క్ బోర్డు దగ్గర అడుగడుగునా ఆగి కదిలేవాడికి హైబ్రిడ్ ఒక వరం. నెమ్మదిగా కదిలేటప్పుడు మోటారే లాగుతుంది, బ్రేకు వేసినప్పుడు కొంత శక్తి తిరిగి బ్యాటరీలోకి వెళ్తుంది. డీజిల్ భవిష్యత్తు మీద అనుమానాలూ ఊరికే రాలేదు. 2015 డిసెంబర్లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో 2000 సీసీ, అంతకు పైబడిన డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్ని కొన్ని నెలలు ఆపేసింది. ఇన్నోవా, ఫార్చ్యూనర్ రెండూ ఆ దెబ్బ తిన్నాయి. కంపెనీ భయం కంపెనీది.

మరి ఏం చేశారు? అంతకు ముందు కొన్ని నెలలు ఆగిన డీజిల్ క్రిస్టా బుకింగ్‌లని 2023 జనవరిలో మళ్లీ తెరిచారు. 2.4 లీటర్ల ఇంజన్, మాన్యువల్ గేరు మాత్రమే. కొత్తది కావాలన్నవాళ్లకి హైక్రాస్, పాతది కావాలన్నవాళ్లకి క్రిస్టా. 2005లో పాత వాళ్లని వదిలేసి ముందుకెళ్లిన కంపెనీయే ఈసారి పాత దారిని మూసేయలేదు. మన చుట్టూ ఉన్న ట్రావెల్స్ డ్రైవర్లకి ఇది ఎంత ఊరటో వాళ్లనే అడగండి.

ఇప్పుడు సఫారీ దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఎక్కువ గాయం అక్కడే ఉంది.

2012లో సఫారీ స్టార్మ్ వచ్చినప్పుడు వెనక తలుపు మీది స్టెపినీని బండి కిందకి మార్చారు. అంత చిన్న మార్పుకే అభిమానులు నొచ్చుకున్నారు. అయినా ఛాసీ ఉంది, ఫోర్ బై ఫోర్ ఉంది. 2017లో సైన్యం 3,192 సఫారీ స్టార్మ్‌లకి ఆర్డరిచ్చింది, ఫోర్ బై ఫోర్‌వే. 2019లో దాన్ని ఆపేశారు. అదే ఏడాది మొదట్లో టాటా హారియర్ వచ్చింది. దానికే మూడో వరస చేర్చిన బండిని 2020 ఆటో ఎక్స్‌పోలో గ్రావిటాస్ అనే పేరుతో చూపించారు. 2021 జనవరిలో ఆ పేరు తీసేసి, సఫారీ అన్నారు. ఫిబ్రవరిలో అమ్మకానికి పెట్టారు. డ్రైవ్ ముందు చక్రాలకి మాత్రమే. ఫోర్ బై ఫోర్ లేనే లేదు.

అదే బండి గ్రావిటాస్ పేరుతో వచ్చి ఉంటే ఎవరికీ ఫిర్యాదు ఉండేది కాదని నా నమ్మకం. మంచి బండి అది. పాత దానిలో మూడో వరస పక్కకి తిరిగి కూర్చునే బల్లల్లాంటిది, ఇప్పుడు అందరూ ముందుకే చూస్తారు. 2023లో మెరుగుపరిచిన సఫారీకి గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రత పరీక్షలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. పిల్లల్ని ఎక్కించుకునే తల్లిదండ్రులకి ఇంతకంటే ఏం కావాలి? కానీ సఫారీ అనే పేరు ఇరవై ఏళ్లుగా ఒక మాట ఇచ్చింది. రోడ్డు అయిపోయిన చోట కూడా వెళ్తాను అని. సక్లేశపురలో, కొడగులో వానాకాలం బురదలో కాఫీ తోట దాకా ఎక్కాల్సినవాళ్లు ఆ మాటని నమ్మారు. పేరు వెనక్కి వచ్చింది, మాట రాలేదు.

అభిమానులకి కూడా ఒక ప్రశ్న వేయాలి. పాత సఫారీ కొన్న మనలో ఎంతమంది ఫోర్ బై ఫోర్ మీట నిజంగా వాడారు? చివరి ఏళ్లలో దాని అమ్మకాలు తగ్గుతూ ఉంటే, ఈరోజు బాధపడుతున్నవాళ్లలో ఎంతమంది షోరూముకి వెళ్లారు? ప్రేమించడం వేరు, కొనడం వేరు. ప్రేమ చూసి ఫ్యాక్టరీ నడపలేరు. ఇది కంపెనీల వైపు నుంచి న్యాయమైన మాటే.

మరి మధ్యే మార్గం లేదా? మహీంద్రా స్కార్పియో చూడండి. 2002లో వచ్చిన పేరు. 2022 జూన్‌లో స్కార్పియో ఎన్ పూర్తిగా కొత్తగా వచ్చింది, కానీ ఛాసీ ఉంచారు, ఫోర్ బై ఫోర్ ఉంచారు. పాతదాన్ని స్కార్పియో క్లాసిక్ అని పక్కనే అమ్మారు. జూలై 30న బుకింగ్ తెరిస్తే అరగంటలో లక్ష దాటింది. పాతవాళ్లని గౌరవించడం వల్ల కొత్తవాళ్లు రాకుండా పోలేదు.

బయటి ప్రపంచంలో లెక్క ఇంకా తమాషాగా ఉంది. అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ 2011 మోడల్‌లో ఛాసీ వదిలేసి మోనోకాక్ అయింది, అమ్మకాలు పెరిగాయి. 2008 నుంచి టాటాల చేతిలోనే ఉన్న ల్యాండ్ రోవర్ సంగతి చూస్తే, పాత డిఫెండర్ తయారీ 2016 జనవరిలో ఆపేసి, 2019లో మోనోకాక్ డిఫెండర్ చూపించారు. పాత అభిమానులు మండిపడ్డారు. వాళ్లలో ఒకరైన బ్రిటిష్ వ్యాపారవేత్త జిమ్ ర్యాట్‌క్లిఫ్ ఏకంగా పాత పద్ధతిలో గ్రెనేడియర్ అనే బండినే తయారు చేయించారు! అయినా కొత్త డిఫెండర్ బాగా అమ్ముడవుతోంది. కారణం ఒక్కటే అనిపిస్తుంది. ఆకారం మారినా, ఛాసీ పోయినా, అది ఇప్పటికీ నాలుగు చక్రాలతో బురదలోకి దిగుతుంది. పేరు ఇచ్చిన మాట నిలబడింది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. జనం మార్పుకి అలగరు. క్వాలిస్ పోయినందుకు ఏడ్చినవాళ్లే ఇన్నోవాని నెత్తిన పెట్టుకున్నారు. బండి చేసే పని మారనంత వరకు అద్దాలు, ఆకారం, సీట్లు ఎంత మారినా సర్దుకుంటారు. పని మారిపోయి పేరు మాత్రం అదే ఉంటే, మోసపోయామన్న బాధ మిగులుతుంది. కొత్త పనికి కొత్త పేరు పెట్టినా, పాత పనికి పాత బండిని కొన్నాళ్లు ఉంచినా ఆ బాధ తప్పుతుంది.

బండి కొనబోతున్న మిత్రులకి నా సలహా చిన్నది. పేరు చూసి వెళ్లకండి. మీ ఇంటికి ఆ బండి ఏం పని చేయాలో కాగితం మీద రాసుకోండి. ఏడాదిలో ఎన్నిసార్లు ఘాట్ ఎక్కుతారు, ఎంతమంది, ఎంత సామాను, మూడో వరసలో కూర్చునేది పిల్లలా పెద్దలా, రోజూ ఎంత ట్రాఫిక్. తరవాత మనుషులందరినీ ఎక్కించుకుని టెస్ట్ డ్రైవ్ చేయండి. ఖాళీ బండిలో ఒక్కరే తిరిగితే ఏ బండైనా బాగానే ఉంటుంది.

మీ ఇంటి క్వాలిస్, సుమో, పాత సఫారీ కథలు కింద రాయండి. ముఖ్యంగా పాతది అమ్మేసి కొత్తది కొన్నవాళ్లు రాయండి. సర్దుకున్నారా, ఇంకా పాతదే గుర్తొస్తోందా? ట్రావెల్స్ నడిపే మన సభ్యుల అనుభవం మరీ విలువైనది, వాళ్లు తప్పకుండా రాయాలని మనవి.