మా ఇంట్లో తయారైన కంప్యూటర్ – దాని వెనుక చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు గుర్తుకొస్తాయి. మన చంద్రపూర్‌లో గోండు రాజుల కోట గోడ రోజూ కనబడుతుంది కాబట్టి మనకు ఇంకా ఎక్కువగా గుర్తుకొస్తుంది. కానీ ఇంట్లో వాడే వస్తువులకు కూడా చరిత్ర ఉంటుంది. గత సంవత్సరం మా అన్న, నేను కలిసి ఇంట్లోనే ఒక కంప్యూటర్ బిగించాం. ఏ పార్టు కొనాలి, ఏది వద్దు అని వెతుకుతుంటే ప్రతి పార్టు వెనుక ఒక కథ దొరికింది. ఆ కథలు తెలిశాకే మాకు సరిగ్గా కొనడం వచ్చింది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఒక నష్టం

మా తాత తెలంగాణ నుంచి బొగ్గు గనిలో పని కోసం ఇటు వచ్చాడు. మా బాపు కూడా గనిలోనే పని చేస్తాడు. లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసం బాపు ఒక పాత కంప్యూటర్ కొన్నాడు. అమ్మినతను దానికి కొత్త క్యాబినెట్ వేసి, దాంతోపాటు ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ అన్నాడు. ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి పార్టులకు ఇచ్చే డబ్బా.

ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. టప్పుమని శబ్దం, కాలిన వాసన. ఆ ఫ్రీ డబ్బా పోతూ పోతూ మదర్‌బోర్డును, హార్డ్ డిస్కును కూడా తీసుకుపోయింది. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పాడైనప్పుడు 12 వోల్టులు పోవాల్సిన చోటికి ఎక్కువ వోల్టేజి పోవచ్చు, దాన్ని ఆపే ఏర్పాటు అందులో ఉండకపోవచ్చు. ఆ హార్డ్ డిస్కులో మా తాత రిటైర్మెంట్ రోజు ఫోటోలు ఉన్నాయి. అప్పటికి తాత లేడు. ఇంకెక్కడా ఆ ఫోటోలు లేవు.

అందుకే 2024లో దసరా బోనస్ వచ్చినప్పుడు అన్న మళ్ళీ కంప్యూటర్ మాట ఎత్తితే బాపు వెంటనే ఒప్పుకోలేదు.

"ఆటలాడనీకి ఇన్ని పైసలా? పోయిన దాని సంగతి మర్చిపోయిండ్రా?" అన్నాడు. కొంచెం సేపయ్యాక ఆయనే, "గనిలో మెషీన్ తేవాలన్నా ముందు లెక్క రాస్తరు బిడ్డా. మీరు గూడ రాసి చూపెట్టుండ్రి. నలభై వేలకు ఒక్క రూపాయి ఎక్కువైనా నా దగ్గర లేదు" అన్నాడు.

అలా లెక్క పుస్తకం రాసే పని నాకు పడింది.

విడి పార్టులు ఎందుకు దొరుకుతాయి?

నాకు వచ్చిన మొదటి సందేహం ఇది. ఫ్రిజ్ విడి భాగాలు కొని ఎవరూ ఇంట్లో ఫ్రిజ్ తయారు చేసుకోరు. మరి కంప్యూటర్ ఎలా సాధ్యం? దీనికి జవాబు చరిత్రలోనే ఉంది.

1975 జనవరిలో అమెరికాలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ అనే పత్రిక అట్ట మీద ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ బొమ్మ వచ్చింది. దాన్ని ఎడ్ రాబర్ట్స్ స్థాపించిన మిట్స్ అనే చిన్న కంపెనీ తయారు చేసింది. కిట్ ధర 397 డాలర్లు. డబ్బు కడితే పార్టులు పోస్టులో వస్తాయి, కొన్నవాడే సోల్డరింగ్ చేసుకోవాలి. కీబోర్డు లేదు, తెర లేదు, స్విచ్చులు, లైట్లు మాత్రమే. మెమొరీ 256 బైట్లు. అంటే ఈ పేరా మొత్తం కూడా అందులో పట్టదు! అయినా జనం ఎగబడి కొన్నారు. అదే ఏడాది మార్చిలో కాలిఫోర్నియాలో ఒక గ్యారేజీలో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలైంది. ఆ క్లబ్బుకు వచ్చిన స్టీవ్ వోజ్నియాక్ 1976లో ఆపిల్-1 తయారు చేశాడు. అది కూడా ఒక బోర్డు మాత్రమే. డబ్బా, కీబోర్డు, తెర కొన్నవాళ్ళే చూసుకోవాలి.

అసలు మలుపు 1981 ఆగస్టు 12న వచ్చింది. ఆ రోజు ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. పని త్వరగా కావాలని డాన్ ఎస్ట్రిడ్జ్ బృందం సొంత పార్టులు కాకుండా బజారులో దొరికే పార్టులనే వాడింది. ప్రాసెసర్ ఇంటెల్ ది, సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ ది. పైగా లోపల ఏది ఎలా పనిచేస్తుందో పుస్తకం వేసి మరీ అమ్మారు. ఐబీఎం చేతిలో మిగిలిన తాళంచెవి ఒక్కటే, బయోస్. స్విచ్ వేయగానే కంప్యూటర్‌ను మేల్కొలిపే చిన్న ప్రోగ్రామ్ అది. దాన్ని కాపీ కొడితే కేసు పడుతుంది.

1982లో ముగ్గురు ఇంజనీర్లు కాంపాక్ అనే కంపెనీ పెట్టారు. వాళ్ళు దొంగతనం చేయలేదు. ఒక బృందం ఐబీఎం బయోస్ ఏమేం చేస్తుందో రాసింది. ఆ కోడ్‌ను ఎప్పుడూ చూడని ఇంకో బృందం ఆ రాత చదివి, అదే పని చేసే కొత్త బయోస్ రాసింది. ఇది చట్టానికి లోబడిన పని. తర్వాత 1984లో ఫీనిక్స్ కంపెనీ అలాంటి బయోస్‌నే ఎవరికైనా అమ్మడం మొదలుపెట్టింది. దాంతో తాళం పూర్తిగా తెరుచుకుంది. ఎవరైనా బోర్డులు చేయొచ్చు, ఎవరైనా బిగించొచ్చు.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతల పద్ధతి తెచ్చింది. బోర్డుకు స్క్రూలు ఎక్కడ, ప్లగ్గు ఎలా ఉండాలి అనేది అందరికీ ఒకటే అయ్యింది. ఇవాళ మనం ఒక కంపెనీ క్యాబినెట్‌లో ఇంకో కంపెనీ బోర్డు పెట్టగలుగుతున్నామంటే కారణం ఇదే.

మన దేశంలో

మన దేశంలో సొంతంగా కట్టిన పెద్ద కంప్యూటర్ టిఫ్రాక్. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో 1960లో అది పనిలోకి వచ్చింది. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఏర్పడింది. 1969లో వచ్చిన టీడీసీ-12 ఆ సంస్థ పేరుతో ముడిపడిన కంప్యూటర్. అంటే మన తెలుగు నేల మీద కంప్యూటర్ల తయారీకి యాభై ఏళ్ళు దాటింది.

కానీ మామూలు ఇంటికి అది అందలేదు. దిగుమతి సుంకాలు, లైసెన్సులు ఎక్కువ. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించి ఆంక్షలు సడలించింది. 1991లో ఆర్థిక సంస్కరణలు వచ్చాయి. 1997లో భారతదేశం సమాచార సాంకేతిక వస్తువుల మీద సుంకాలు తీసేసే అంతర్జాతీయ ఒప్పందంలో చేరింది. ఆ తర్వాత ఢిల్లీ నెహ్రూ ప్లేస్, ముంబై లామింగ్టన్ రోడ్డు, సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల విడి పార్టుల బజార్లు బాగా పెరిగాయి. "అసెంబుల్డ్" అనే మాట మన తెలుగులో కూడా కలిసిపోయింది.

ఆటల వల్ల పెరిగిన చిప్పు

"ఆటలాడనీకి" అని బాపు అన్న మాట నా మనసులో ఉండిపోయింది. అందుకే ఆటల చరిత్ర కూడా చదివాను.

1962లో అమెరికాలోని ఎంఐటీలో కొందరు కలిసి స్పేస్‌వార్ అనే ఆట రాశారు. 1993లో డూమ్ వచ్చింది. దానికి గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు, పనంతా ప్రాసెసరే చేసేది. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ కార్డుతో బొమ్మలు గీసే పని ప్రాసెసర్ నుంచి విడిపోవడం మొదలైంది. 1999లో ఎన్విడియా జీఫోర్స్ 256 తెచ్చి దాన్ని జీపీయూ అని పిలిచింది. త్రీడీఎఫ్ఎక్స్ మాత్రం నిలబడలేదు. 2000 సంవత్సరం చివరలో దాని ఆస్తులను ఎన్విడియానే కొనేసింది.

ఈ కథలో మనవాడు ఒకరున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన రాజా కోడూరి ఎస్-3, ఏటీఐ, ఏఎండీ, ఆపిల్, ఇంటెల్ కంపెనీల్లో గ్రాఫిక్స్ మీద పనిచేశారు. 2015 నుంచి 2017 దాకా ఏఎండీ రేడియాన్ విభాగానికి ఆయనే అధిపతి.

ఇంకో సంగతి. 2012లో ఫోటోలో ఏముందో గుర్తుపట్టే అలెక్స్‌నెట్ అనే ప్రోగ్రామ్ కృత్రిమ మేధలో పెద్ద మలుపు తెచ్చింది. దాన్ని నేర్పించింది రెండు గేమింగ్ కార్డుల మీద! ఆటల కోసం పిల్లలు కొన్న చిప్పులే ఇవాళ వైద్యంలో, వాతావరణ పరిశోధనలో పనిచేస్తున్నాయి. ఇది చదివి వినిపిస్తే బాపు ఏమీ అనలేదు గానీ, పేపరు మడిచి పక్కన పెట్టి విన్నాడు.

చరిత్ర చెప్పిన లెక్క

ఇదంతా చదివాక నాకు ఒక విషయం అర్థమైంది. కంప్యూటర్‌లో అన్ని పార్టులకూ ఒకే వయసు ఉండదు. ఏటీఎక్స్ కొలతలు 1995 నుంచి పెద్దగా మారలేదు. కాబట్టి మంచి క్యాబినెట్, మంచి ఎస్‌ఎంపీఎస్ కొంటే వచ్చే కంప్యూటర్‌కు కూడా పనికొస్తాయి. గ్రాఫిక్స్ కార్డు మాత్రం రెండు మూడేళ్ళకే పాతబడుతుంది. చాలామంది దీనికి ఉల్టా చేస్తారు. డబ్బంతా గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టి, చివర్లో మిగిలిన చిల్లరతో ఎస్‌ఎంపీఎస్ కొంటారు. మా పాత కంప్యూటర్‌కు జరిగింది కూడా ఇలాంటిదే.

రెండో విషయం మన ఊరి ఎండ. మే నెలలో ఇక్కడ 46, 47 డిగ్రీలు మనకు కొత్త కాదు. ఫ్యాను ఎంత తిరిగినా గది గాలి కంటే చల్లగా పార్టును చేయలేదు. గది 25 డిగ్రీలుంటే 65 డిగ్రీల దగ్గర ఉండే ప్రాసెసర్, గది 45 అయితే సుమారు 85కు పోతుంది. మేం ఎంచుకున్న ప్రాసెసర్ హద్దు 95. అందుకని తక్కువ కరెంటు తాగే పార్టులే మనకు మేలు. ముందు వైపు అద్దం ఉన్న క్యాబినెట్ చూడ్డానికి బాగుంటుంది గానీ గాలి పోదు. జాలి ఉన్నది కావాలి, బొగ్గు దుమ్ముకు లోపల ఫిల్టరు కావాలి. నీళ్ళ కూలర్ గాలి నేరుగా తగిలే చోట కంప్యూటర్ పెట్టకూడదు, తేమ పడుతుంది.

ఇలా ఆలోచించి మేం రాసుకున్నది ఇది:

ప్రాసెసర్ – రైజెన్ 5 5600జీ. 65 వాట్లు. బొమ్మ చూపించే చిప్పు ఇందులోనే ఉంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డు లేకుండానే మొదలుపెట్టొచ్చు.
మదర్‌బోర్డు – బీ550 రకం.
ర్యామ్ – 8 జీబీవి రెండు. 16 జీబీ ఒక్కటే పెడితే ఆటలు నెమ్మదిస్తాయి. రెండు కర్రలుంటే రెండు దారుల్లో డేటా వస్తుంది.
ఎస్‌ఎస్‌డీ – 500 జీబీ.
ఎస్‌ఎంపీఎస్ – 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది.
క్యాబినెట్ – ముందు జాలి, మూడు ఫ్యాన్లు.
మానిటర్ – పాతదే.

ఇదంతా 33 వేల లోపు వచ్చింది. మిగిలిన 7 వేలు గ్రాఫిక్స్ కార్డు కోసం దాచాం. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే డిజిటల్ డబ్బు గ్రాఫిక్స్ కార్డులతో పని మానేసింది. దాంతో అప్పటిదాకా ఆ పనిలో ఉన్న కార్డులు సెకండ్ హ్యాండ్ బజారుకు చాలా వచ్చాయి. ధర తగ్గింది గానీ, రాత్రింబగళ్ళు నడిచిన కార్డులవి. అందుకే నడిపి చూడకుండా కొనొద్దని రాసుకున్నాం.

బల్లార్షాలో రైలెక్కి

నాగ్‌పూర్ దగ్గరే అయినా సికింద్రాబాద్‌లో మా మేనమామ ఉన్నాడు. అందుకని బల్లార్షాలో రైలెక్కి బాపు, అన్న, నేను సికింద్రాబాద్ వెళ్ళాం. చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో దుకాణం పక్కన దుకాణం. ఒకతను "ఈ క్యాబినెట్ తీసుకోండి, ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ" అన్నాడు. అన్న నా వైపు చూశాడు. మేం మాట్లాడకముందే బాపు, "ఫ్రీది వద్దు భాయ్, మా పిల్ల రాసిందే ఇయ్యి" అన్నాడు. ఆ మాట నేను ఎప్పటికీ మర్చిపోను.

ఇంకో చోట అన్న, "బోర్డులో బయోస్ కొత్తదేనా?" అని అడిగాడు. బీ550 బోర్డులు 2020లో వచ్చాయి, మా ప్రాసెసర్ 2021లో వచ్చింది. బయోస్ పాతదైతే బోర్డు దాన్ని గుర్తుపట్టదు. దుకాణదారు డబ్బా మీద చూసి, ఆ బోర్డు పక్కన పెట్టి ఇంకోటి తెచ్చాడు. కాంపాక్ వాళ్ళ కథ చదవకపోతే బయోస్ అనే మాటే మాకు తెలిసేది కాదు.

ఇంటికొచ్చాక వంటింటి బల్ల మీద నాలుగు గంటలు పట్టింది. మొదటిసారి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి గానీ తెర నల్లగానే ఉంది. అమ్మ ముఖం పాలిపోయింది. చూస్తే ఒక ర్యామ్ పూర్తిగా కూర్చోలేదు. గట్టిగా నొక్కితే టిక్కుమంది. ఈసారి తెర వెలిగింది.

ముగింపు

మూడు నెలలకు, నడిపి చూసి, 8 జీబీ ఆర్ఎక్స్ 580 పాత కార్డు కొన్నాం. 2017లో వచ్చిన కార్డు అది, రాజా కోడూరి రేడియాన్ విభాగంలో ఉన్న కాలం నాటిది. ఆ కార్డు నిండా పనిచేస్తే సుమారు 185 వాట్లు తాగుతుంది. చంద్రపూర్ థర్మల్ స్టేషన్‌లో కరెంటు తయారయ్యేది బొగ్గుతోనే. ఆ బొగ్గు తవ్వేది మా బాపు లాంటివాళ్ళు. అందుకే మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఆట అయ్యాక గోడ స్విచ్ కూడా తీసేయాలి.

ఇంకో నియమం కూడా ఉంది. ఏ ఫోటో అయినా రెండు చోట్ల ఉండాలి. తాత రిటైర్మెంట్ ఫోటోలు మాకు తిరిగి దొరకలేదు. కానీ మేనమామ ఇంట్లో పాత ఆల్బమ్‌లో తాత నిలబడి ఉన్న ఫోటో ఒకటి దొరికింది. దాన్ని స్కాన్ చేసి కొత్త కంప్యూటర్‌లో, ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టాం.

మిత్రులారా, మీలో ఎవరైనా కంప్యూటర్ బిగించుకోవాలనుకుంటే ముందు దుకాణానికి పోకండి, ముందు ఒక నోట్‌బుక్ కొనండి. ఏ పార్టు ఎన్నేళ్ళుగా మారలేదో, ఏది ఏటేటా మారుతుందో రాసుకోండి. మారని దాని మీద నమ్మకంగా డబ్బు పెట్టండి, మారేదాని కోసం కొంచెం ఆగండి. చరిత్ర పుస్తకం నాకు ఇంత పనికొస్తుందని నేను ముందు అనుకోలేదు.